స్టూడెంట్స్‌కు మాత్రమే

బోర్డు గేటుకు కాదు, వాళ్ల కిటికీ ఊచలకే కట్టి ఉంది.

వాకిట్లో పేడనీళ్ల సాంపి చల్లుదామని బకెట్‌తో బయటికొచ్చిన సారలమ్మ అట్లాగే నిలబడిపోయింది. పసుపు అట్ట మీద ఎర్రటి అక్షరాలు. 'రూములు అద్దెకు కలవు. స్టూడెంట్స్‌కు మాత్రమే.' దాని కింద ఫోన్ నంబరు. నంబరు కింద పెన్నుతో కొత్తగా రాసిన ముక్క: 'కింది పోర్షన్ కూడా.'

సారలమ్మ చదివింది ఏడో తరగతి. ఆ మూడు మాటలకు అంత చదువు కూడా అక్కర్లేదు. కింది పోర్షన్ అంటే వాళ్లదే. ఆ కిటికీ వెనకే ఆమె మొగుడు ఎల్లేశం మంచం, మంచం పక్కన గురగురమంటూ ఆక్సిజన్ మిషిను.

ఒక్క గుంజుకు ప్లాస్టిక్ తాడు తెగింది.

"ఆగయ్యన్నా! ఏంది గిది?"

ఆగయ్య నల్లా దగ్గర మొహం కడుక్కుంటున్నాడు. ఆ మూడంతస్తుల ఇల్లు అతనిదే. అతనూ ఎల్లేశమూ ఒకే గనిలో, ఒకే షిఫ్టులో ఇరవై రెండేళ్లు దిగారు. రిటైరైన డబ్బంతా గోడలకు పోసి ఆగయ్య ఇల్లు లేపాడు. ఎల్లేశం డబ్బును దవాఖానలు తిన్నాయి. వరస కలుపుకొని ఒకరినొకరు బావా అనుకునేవాళ్లు. బొగ్గు కంపెనీ క్వార్టర్ ఖాళీ చెయ్యాల్సి వచ్చినప్పుడు "నా ఇల్లు ఉండంగ నీకేం ఫికర్ బావా" అన్నవాడు కూడా ఈయనే. మాటలకేం, కోటలు దాటుతాయి.

"మేం లోపల ఉండంగనే మా కిటికికి బోర్డు గడ్తవా? మేం సచ్చిపోయినమనుకున్నవా?"

ఆఖరి మాట నోరు దాటాక గాని తనేమందో సారలమ్మకు తెలియలేదు. ఆగయ్య తువ్వాలతో మొహం కప్పుకున్నాడు. తుడుచుకోవడానికి అంతసేపు పట్టదు.

"నెల కింద చెప్పిన చెల్లె. పదిహేను రోజుల కింద మల్ల చెప్పిన. ఇగ జూస్తున్న, అగ జూస్తున్న అంటివి."

"దొరకాలె గద!"

"ఊరు మొత్తం ఖాళీగుంటే దొరకదా?"

అదీ నిజమే. పైన రెండంతస్తుల్లో ఆరు రూములు. మే నెలలో ఫైనలియర్ పిల్లలు పరీక్షలు రాసి, భుజాల మీద చేతులేసుకొని ఫోటోలు దిగి, హైదరాబాద్ బస్సెక్కారు. పోతూ పోతూ చిరిగిన పరుపులు, పిడి ఊడిన బకెట్లు, గోడల మీద ఎవరెవరి పేర్లో వదిలిపోయారు. కొత్త పిల్లలు చేరేది ఈ జూన్, జూలైల్లోనే. ఇప్పుడు నిండితే ఏడాదంతా నిండినట్టు. ఇప్పుడు నిండకపోతే మళ్లీ ఎండాకాలం దాకా గబ్బిలాలకు అద్దెకిచ్చుకోవాల్సిందే. పైగా నిరుడు కాలేజీ వాళ్లే హాస్టల్ కట్టడంతో ఈ సందులో బోర్డు లేని గేటు లేదు.

"నిన్న మంచిర్యాల కెల్లి అచ్చినోళ్లు జూసినవా?" ఆగయ్య గొంతు తగ్గించాడు. "మెట్లెక్కిండ్రు, రూములు జూసిండ్రు, నీళ్లు మంచిగున్నయన్నరు. దిగేటప్పుడు బావ దగ్గుడు ఇనవడ్డది. ఆ తల్లి మీ కిటికిల కెల్లి తొంగి జూసింది. మిషిను, పైపు. ఇగ చెప్పులేసుకొని నడిసింది. గట్ల నాలుగు ఫ్యామిలీలు పోయినయ్."

"అంటురోగమా అది? బొగ్గు దగ్గు. నీకు తెల్వదా?"

"నాకు తెలుసు. పిల్లగాండ్ల తల్లులకు ఎవలు చెప్పాలె? బోర్డు మీద రాయాల్నా?"

ఆగయ్య తల దించుకొని, అసలు సంగతికి వచ్చాడు.

"డాక్టరు ఏమన్నడో నీ కొడుకు వీరేందర్ చెప్పిండు. నా నోట్ల కెల్లి ఎందుకు అనిపిస్తవ్ చెల్లె? మంచి చుక్కల పోతే సరే. చెడ్డ చుక్కల పోతే ఇల్లు ఆర్నెల్లు మూయాలె. ఆర్నెల్లు తాళమేసిన ఇంట్ల ఎవని పిల్లలుంటరు?"

ఈ ఊళ్లో అద్దె కాగితం మీద ఎవరూ రాయని షరతు ఒకటుంది. అద్దెకున్నవాడు బయట పోతే శవం గేటు లోపలికి రాకూడదు. లోపల పోయే లక్షణాలు కనిపిస్తే ముందే ఇల్లు ఖాళీ చెయ్యాలి. అడిగేవాడికీ సిగ్గే, అడిగించుకునేవాడికీ సిగ్గే. అయినా అడుగుతారు, చేస్తారు.

"సోమారం మంచిగున్నది," అన్నాడు ఆగయ్య. "బుధారం అమాస. ఇగ ఆషాఢం వడ్డదంటే నెల దాక ఎవ్వలూ ఇల్లు మారరు. ఆ మంచిర్యాలోళ్లే రాత్రి మల్ల ఫోన్ చేసిండ్రు. పేషెంటు ఉండడంటే సోమారం పొద్దుగాల రాహుకాలం రాకముందే సామాను దించుతమన్నరు. నేను సరే అన్న."

"సరే అన్నవా?"

"అన్న."

కిటికీ లోపల దగ్గు మొదలైంది. అడుగు నుంచి తవ్వుకొచ్చి, గొంతు దాకా వచ్చి, బయటికి రాలేక మళ్లీ లోపలికే జారిపోయే దగ్గు. అది ఆగేదాకా ఇద్దరూ కదల్లేదు.

"సారా..." ఎల్లేశం గొంతు సన్నగా వచ్చింది. "గాడ లొల్లి ఎందుకే? బావకు చాయ్ పెట్టు."

ఆగయ్య చాయ్ కోసం ఆగలేదు. బోర్డు కోసమూ ఆగలేదు.

*

డాక్టరు చెప్పింది మొన్న బుధవారం. ఇంటికి తీసుకుపొమ్మన్నాడు. ఏది తినబుద్ధయితే అది పెట్టమన్నాడు. మహా అయితే పదిహేను రోజులన్నాడు.

ఆ పదిహేను రోజులకు ఒక గడప కావాలి. సారలమ్మ ఇంకేమీ కోరడం లేదు. ఎల్లేశానికి సొంత ఊరుండేది, ఓపెన్‌కాస్ట్ బొగ్గు గని గోతిలో కలిసి తొమ్మిదేళ్లయింది. దాని పరిహారం అన్నదమ్ముల పంపకాల్లో చిల్లర చిల్లరయింది. ప్రాణం పోయినాక మనిషిని నాలుగు గంటలు పడుకోబెట్టడానికి, చుట్టూ నలుగురు కూర్చుని ఏడవడానికి, స్నానం చేయించడానికి ఒక జాగా కావాలి. రోడ్డు మీద కాకుండా.

ఓపెన్‌కాస్ట్‌లో కాంట్రాక్టరు టిప్పర్ నడిపే కొడుకు వీరేందర్ డ్యూటీ దిగి, కన్ను మూయకుండానే బండి తీశాడు. తల్లి వెనక కూర్చుంది.

ఏడాదిలో ఈ రెండు నెలలే ఇక్కడ ఇళ్లు మనుషుల కోసం ఎదురుచూస్తాయి. ఎక్కడ చూసినా సున్నాల వాసన. పాత మంచాల షాపు ముందు, పిల్లలు అమ్మిపోయిన ఇనుప మంచాలు రోడ్డు దాకా పేర్చి ఉన్నాయి. మామూలు రోజుల్లో గేటు కూడా తియ్యని ఓనర్లు ఇప్పుడు కుర్చీ వేసుకొని బయటే కూర్చున్నారు. బండి ఆగడం ఆలస్యం, లేచి వస్తున్నారు.

"ఎంతమంది? ఏ కాలేజి?"

"కాలేజి గాదు కాకా, ఫ్యామిలీ."

అంతే, ఆ కాక మళ్లీ కుర్చీలో కూర్చున్నాడు. "ఫ్యామిలీకియ్య బిడ్డా. మీరు దిగితే కదలరు. పిల్లలయితే పరీక్షలు కాంగనే వాళ్లే పోతరు. ఏడాదేడాది కొత్తోళ్లు, కొత్త కిరాయి."

రెండో ఇంట్లో అదే మాట. మూడో ఇంట్లో తాళంచెవి చేతికిచ్చేదాకా వచ్చింది. మంచినీళ్లు కూడా ఇచ్చింది ఆ ఇల్లాలు. "ముసలోళ్లున్నరా?" అని మాత్రం అడిగింది.

"బాపు ఉన్నడు," అన్నాడు వీరేందర్. "ఆక్సిజన్ మీదున్నడు."

ఖాళీ గ్లాసు తీసుకొని ఆమె లోపలికి పోయింది. తలుపు గడియ చప్పుడైంది.

"నోరు మూస్కొని ఉండలేవారా?" వీధి మలుపు తిరిగాక సారలమ్మ విరుచుకుపడింది. "నిజం చెప్పెటోనివి నువ్వొక్కనివే పుట్టినవా?"

"అడిగింది గద, చెప్పిన. దాస్తే దాగుతదా అవ్వా? మిషిను చప్పుడు ఇనవడదా?"

"వచ్చే ఇంటికాడ నువ్వు బండి దిగకు."

ఆ వచ్చే ఇల్లు కమలకుమారిది. కంపెనీలో ఇంజనీరుగా చేసి రిటైరైన యజ్ఞనారాయణ గారి భార్య. కోస్తా నుంచి వచ్చి ముప్పై ఏళ్లయినా ఆమె మాటలో అక్కడి తీరు పోలేదు. యజ్ఞనారాయణ గారు పెళ్లికని గుంటూరు వెళ్లారు. ఆమె ఒక్కతే చీర కుచ్చెళ్లు ఎగదోపుకొని వెనక పోర్షన్ గోడలు కడిగిస్తోంది.

"చూడమ్మా ఈ గోడలు! లెక్కలన్నీ ఇక్కడే చేశారు. పుట్టినరోజంటే ఫ్యాను రెక్కల మీద కూడా కేకే. నాలుగేళ్లు వేగాను ఆ పిల్లలతో. ఈసారి మంచి కుటుంబానికే ఇవ్వాలనుకున్నాం. ఇంట్లో దీపం పెట్టే మనిషి ఉండాలి."

సారలమ్మ గది చూసింది. తలుపు వెడల్పుగా ఉంది, మంచం అడ్డంగా తిప్పకుండానే పోతుంది. మెట్లు లేవు. ప్లగ్గు పాయింటు కిటికీ కింద ఉంది. కిటికీ వెనక్కి తెరుచుకుంటుంది, రోడ్డు మీదికి కాదు. బయట నీళ్లు పోసుకోవడానికి బండ ఉంది. ఆ బండ ఒక మనిషిని పడుకోబెట్టేంత పొడుగుందా అని కళ్లతోనే కొలిచింది.

"ఎవరెవరుంటారమ్మా?"

"నేను, నా కొడుకు."

కమలకుమారి చూపు ఆమె మెడలో పుస్తెల మీద ఆగింది. "మరి మీ ఆయన?"

గోడ మీద నీళ్లు కొట్టే మనిషి కూడా ఆ క్షణానికే ఆపాలా?

"ఊర్ల ఉంటడమ్మా," అంది సారలమ్మ. "ఎవుసం."

"పాపం, మీరిద్దరూ చెరోచోటా!" అని నిజంగానే బాధపడింది కమలకుమారి. "సోమవారం వచ్చెయ్యండి. ఏడున్నరకి రాహుకాలం, ఆలోపే పాలు పొంగించుకోండి."

*

"ఏ ఊర్ల ఉంటడే బాపు?"

ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చున్నాక గాని వీరేందర్ ఆ మాట అడగలేదు. కమలకుమారితో ఏమన్నదో తల్లి బండెక్కుతూనే చెప్పింది. దారంతా బిగబట్టుకొచ్చాడు.

"మెల్లగ."

"ఏ ఊరని అడుగుతున్న. గోతిల కలిసిన ఊరా? గాడ ఎవుసం చేస్తున్నడా బాపు?"

"సోమారం పాలు పొంగినంక సామాన్లతోని పాటు తోల్కపోదాం. ఒకసారి లోపల వడ్డంక ఎల్లగొడ్తదా? మంచి మనిషి. ఆడది. మనసుండదా?"

"నువ్వు ఆడదానివి గాదా?"

ఆ మాట అన్నది వీరేందర్ కాదు. మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్న ఎల్లేశం.

సారలమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. అతను ఇంకేమీ అనాల్సిన అవసరమూ లేదు. మొగిలి పేరు ఎత్తకుండా వాళ్ల మధ్య పన్నెండేళ్లు గడిచాయి. ఎత్తకపోతే మరిచిపోయినట్టేనా?

అప్పుడు వాళ్లు కంపెనీ క్వార్టర్‌లో ఉండేవాళ్లు. క్వార్టర్ పక్కన అందరూ వేసుకున్నట్టే రేకుల షెడ్డు వేసుకొని, కాంట్రాక్టు పని చేసే మొగిలికి అద్దెకిచ్చారు. వానాకాలంలో మొగిలి తండ్రి దవాఖానలో పోయాడు. వ్యాన్‌లో శవాన్ని తెచ్చాడు మొగిలి. గేటుకు అడ్డంగా నిలబడింది సారలమ్మ. 'మనుషులకిచ్చినం గని పీనుగకు ఇయ్యలే,' అంది. ఆ మాట ఆమె గొంతులో ఇప్పటికీ అట్లాగే ఉంది. మొగిలి బతిమాలలేదు. మురికినీళ్ల మోరీ పక్కన నాలుగు కట్టెలు పాతి, పైన పరదా కట్టి, దాని కింద తండ్రిని పడుకోబెట్టుకున్నాడు. వాన నీళ్లు శవం కిందికి వస్తుంటే తట్టతో ఎత్తిపోశాడు. తెల్లారి సారలమ్మ గేటు దగ్గర పసుపు నీళ్లు చల్లింది.

"నన్ను అంటున్నవు," అంది చివరికి. "నువ్వేం చేసినవ్ ఆనాడు? నా వెనక నిలవడ్డవు. ఒక్క మాటన్నవా? ఉండనియ్యే అన్నవా?"

"అనలే."

"మరి?"

"అనలే గనుకనే ఇప్పుడంటున్న." ఊపిరి అందుకోవడానికి చాలాసేపు ఆగాడు ఎల్లేశం. "దొంగతనంగ నన్ను ఎవలింట్ల వెయ్యకు సారా. చెప్పి తోల్కపో. రానిస్తే పోదాం. రానియ్యకపోతే... మోరీ ఎక్కడన్న ఉంటది."

వీరేందర్ అన్నంలో చెయ్యి కడుక్కొని బయటికి పోయాడు.

సారలమ్మకు కోపమొచ్చింది, ఏడుపొచ్చింది. ఆనాడు నోరు తెరవని మనిషి పోయేముందు ధర్మం చెబుతున్నాడు. ధర్మం చెప్పి ఈయన పోతాడు. పరదా కట్టాల్సింది తను. అయినా మిషిను గొట్టం సరిచేసి, దుప్పటి మెడదాకా కప్పింది.

"చెప్త," అంది. "పాలు పొయ్యి మీద పెట్టకముందే చెప్త. చెప్పినంక వీరేందర్‌కు ఫోన్ చేస్త. అప్పుడే రాండ్రి."

"ఒట్టు?"

"ఒట్టు."

*

సోమవారం ఆరున్నరకే సారలమ్మ వెనక పోర్షన్ గుమ్మంలో ఉంది. చేతిలో కొత్త గిన్నె, పసుపు, కుంకుమ, కొంగున ముడేసుకున్న ఫోన్.

గుమ్మానికి మామిడాకులు కట్టి ఉన్నాయి. అద్దెకొచ్చేవాళ్ల కోసం ఓనరు తోరణం కట్టడం ఆమె బతుకులో చూడలేదు. లోపల కమలకుమారి తన పాత గ్యాసు పొయ్యి తెచ్చిపెట్టింది. గడపకు పసుపు కూడా తనే రాసింది.

చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి.

"అమ్మా, ఒక మాట..."

"మాటలు తర్వాత. ఏడున్నర అయిపోతుంది, ముందు కుడికాలు పెట్టి లోపలికి రా."

కుడికాలు పెట్టింది.

"అమ్మా, మా ఆయన..."

"అదే నేనూ అనుకుంటున్నాను! దంపతులిద్దరూ కలిసి పొంగించుకోవాల్సింది. కబురు చెయ్యకపోయావా? మీ ఊరు ఎంత దూరం?"

"దూరమేం గాదు."

"అయితే మధ్యాహ్నానికి రమ్మను. పాయసం చేస్తాను, ఇద్దరూ ఇక్కడే తిందురుగాని. పాలు పొయ్యి."

సారలమ్మ పాలు గిన్నెలో పోసింది. పొయ్యి వెలిగింది. ఒట్టు ఆ మంటలోనే కాలిపోయింది. ఇంత మంచిదాన్ని మోసం చెయ్యడం ఎట్లా అనిపించింది. ఇంత మంచిది గనుకే ఏమీ అనదేమోనని కూడా అనిపించింది. సామాన్లు దించాక, ఎల్లేశాన్ని పడుకోబెట్టాక, కాళ్లు పట్టుకొని చెబుదాం. చెప్పడమైతే చెప్పినట్టే కదా.

పాలు అంచు దాకా వచ్చాయి.

గేటు దగ్గర ఆటో ఆగిన చప్పుడైంది. ఎవరికోసమో అనుకుంది సారలమ్మ. ఫోన్ చెయ్యందే వాళ్లు రారు.

అప్పుడు దగ్గు వినబడింది.

కమలకుమారి చేతిలో కుంకుమ భరిణె అట్లాగే ఉండిపోయింది. ముప్పై ఏళ్లుగా బొగ్గు ఊళ్లో కాపురం ఉన్న మనిషికి ఆ దగ్గు ఎక్కడిదో, ఎందాకా వచ్చిందో ఎవరూ చెప్పనక్కర్లేదు. సారలమ్మ మొహంలోకి చూసింది. పుస్తెల వంక చూసింది. ఆ తర్వాత గబగబా గేటు వైపు నడిచింది. సారలమ్మ వెనకే పరుగెత్తింది.

ఆటోలో వీరేందర్ తండ్రిని వెనక నుంచి పట్టుకొని కూర్చున్నాడు. ఎదుటి సీట్లో ఆగయ్య. అతని ఒళ్లో చిన్న సిలిండరు, చంటిపిల్లను పట్టుకున్నట్టు రెండు చేతులా పట్టుకున్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"మంచిర్యాలోళ్లు ఆరింటికే దిగిండ్రు చెల్లె," అన్నాడు, ఎవరినీ చూడకుండా. "వరండల ఎంతసేపని కూసోవెట్టాలె బావను? ఎత్తుకొని నేనే తెచ్చిన."

కమలకుమారి ఇనుప గేటు గడియ మీద చెయ్యి వేసింది. తియ్యడానికో, పెట్టడానికో తెలియలేదు.

"ఊళ్లో వ్యవసాయం అన్నావు," అంది.

సారలమ్మ తల ఎత్తలేదు. రోడ్డు వారన మోరీలో నీళ్లు లేవు. పోయిన వానాకాలం చెత్త ఎండిపోయి ఉంది.

"డాక్టర్లు ఎన్నాళ్లన్నారు?"

ఇప్పుడు కూడా అబద్ధం చెప్పొచ్చు. నెలలంటే నమ్ముతుందేమో.

"పదిహేను రోజులమ్మా," అంది సారలమ్మ. "అండ్ల అయిదు అయిపోయినయ్."

వీరేందర్ తల్లి వంక చూశాడు. ఆగయ్య సిలిండరును ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. కమలకుమారి చూపు ఒకసారి మామిడాకుల మీదికి పోయి, మళ్లీ ఆటోలోకి వచ్చింది.

ఆటోలోంచి ఎల్లేశం కొద్దిగా మెడ ఎత్తాడు. తల్లీకొడుకుల మొహాలు, గేటు మీద చెయ్యి, ఇవేవీ అతనికి ఆనలేదు. గడపకు రాసిన పచ్చటి పసుపు ఒక్కటే కనబడినట్టుంది. మాట కోసం గాలి కూడదీసుకున్నాడు.

"సారా... చెప్పినవు గద? పాలు పొంగినయా?"

లోపలి నుంచి మాడిన పాల వాసన వస్తోంది. పొయ్యి ఆపడానికి ఎవరూ కదల్లేదు.